పాత ఫోన్ బాగు చేయించాలా, కొత్తది కొనాలా? గోదావరి డెల్టా వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రాజోలు చుట్టుపక్కల ఊళ్ల నుంచి మా రిపేరు బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు ఫోన్ చేతిలో పెడుతూనే అడిగే మాట ఒకటే: “ఇది బాగవుద్దా అండీ, కొత్తది కొనేసుకోమంటారా?” రొయ్యల చెరువు చూసుకునే ఆయనకు కావలసిన ఫోన్ వేరు. కువైట్‌లో ఉన్న కూతురితో రోజూ మాట్లాడే అమ్మకు కావలసింది వేరు. అందుకే ఎక్కువగా వచ్చే ప్రశ్నలు విడివిడిగా తీసుకుని జవాబులు రాశాను. ధరలు నెలనెలా మారతాయి కాబట్టి ఫలానా మోడల్ కొనండి అని ఎక్కడా చెప్పలేదు.

నా ఫోన్‌కి నాలుగేళ్లు దాటాయి. మార్చేయాలా?

వయసు చూసి మార్చక్కర్లేదు. మూడు సంగతులు చూడండి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయా? బ్యాంకు యాప్, యూపీఐ, వాట్సాప్ ఇబ్బంది లేకుండా తెరుచుకుంటున్నాయా? చెడిపోయిన భాగం మార్చడానికి దొరుకుతుందా? మూడింటికీ అవుననే జవాబు వస్తే ఆ ఫోన్ ఉంచుకోండి. బ్యాటరీ, ఛార్జింగ్ పిన్ను, స్పీకరు, మైకు ఇవన్నీ మార్చుకునే సామాన్లే. డిస్‌ప్లే కూడా మార్చవచ్చు గానీ కొన్ని మోడళ్లకు అది ఫోన్ ధరలో సగం దాకా పోతుంది. రిపేరు ఖర్చు అదే స్థాయి కొత్త ఫోన్ ధరలో మూడో వంతు దాటితే నేను వద్దనే చెబుతాను. బోర్డు (ఫోన్ లోపలి ప్రధాన సర్క్యూట్) పోయిన ఫోన్ మీద డబ్బు పెట్టడం కూడా చాలాసార్లు దండగ. ఇవాళ బాగైనా, మళ్లీ ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

ఈ మూడింటిలో నేను అస్సలు రాజీ పడనిది మొదటిది. బ్యాంకు ఖాతా, యూపీఐ ఉన్న ఫోన్‌కి అప్‌డేట్లు ఆగిపోతే మార్చమనే చెబుతాను. డబ్బు లావాదేవీలు లేని ఫోన్ అయితే నడిచినంత కాలం నడుపుకోండి. కింద రాసిన జవాబుల్లో చాలావాటికి ఇదే ఆధారం.

అప్‌డేట్లు వస్తున్నాయో ఆగాయో ఎలా తెలుస్తుంది?

సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’లోకి వెళ్తే ఆండ్రాయిడ్ వెర్షన్, దాని దగ్గరలోనే సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కనిపిస్తాయి. ఆ తేదీ ఏడాది కిందటిదై, ‘అప్‌డేట్ చెక్ చేయి’ నొక్కినా ఏమీ రాకపోతే కంపెనీ ఆ మోడల్‌ని వదిలేసినట్టే లెక్క. తక్కువ ధర ఫోన్లకు రెండు మూడేళ్లే ఇచ్చి ఆపేసే కంపెనీలు ఉన్నాయి. గూగుల్ పిక్సెల్ 8, శాంసంగ్ గెలాక్సీ ఎస్24 లాంటి ఖరీదైన వాటికి ఏడేళ్లు ఇస్తామని ప్రకటించారు. కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగే ముందు, అప్‌డేట్లు ఏ ఏడాది దాకా వస్తాయని అడగండి. షాపులో చెప్పలేకపోతే కంపెనీ వెబ్‌సైటులో చూసి వెళ్లండి.

అప్‌డేట్లు ఆగినంత మాత్రాన ఫోన్ వెంటనే ఆగదు. బయటపడిన లోపాలు ఆ ఫోన్‌లో మూతపడకుండా అలాగే ఉండిపోతాయి. కొన్నాళ్లకు యాప్‌లు కూడా ఒక్కొక్కటీ వదిలేస్తాయి. 2023 అక్టోబరులో ఆండ్రాయిడ్ 5 కంటే పాత ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. 2025 మేలో ఐఫోన్ 5ఎస్, 6, 6 ప్లస్‌లకు కూడా ఆపేశారు. వాట్సాప్ అంటే ఇప్పుడు కబుర్లకే కాదు గదా. 2025 జనవరి నుంచి మన రాష్ట్రంలో ‘మన మిత్ర’ పేరుతో 9552300009 నంబరుకు వాట్సాప్ చేసి సర్టిఫికెట్లకు అర్జీ పెట్టుకోవచ్చు, బిల్లులు కట్టుకోవచ్చు. వాట్సాప్ పని చేయని ఫోన్ ఉంటే ప్రతిదానికీ గ్రామ సచివాలయం చుట్టూ తిరగాలి.

ఛార్జింగ్ మధ్యాహ్నానికే దిగిపోతోంది. ఫోన్ పని అయిపోయినట్టేనా?

లేదు. మా బల్ల మీదికి వచ్చే ఫోన్లలో ఎక్కువ వాటికి జబ్బు ఇదే. మందు కూడా తేలికైనదే. లిథియం అయాన్ బ్యాటరీ ఎంత మంచిదైనా అరుగుతుంది. ఐఫోన్ 14, అంతకు ముందు మోడళ్ల బ్యాటరీ 500 సార్లు పూర్తిగా ఛార్జ్ అయ్యేసరికి 80 శాతానికి దిగుతుందని, ఐఫోన్ 15 నుంచి 1000 సార్ల దాకా ఆగుతుందని ఆపిల్ కంపెనీయే చెబుతోంది. రోజూ ఒకసారి నిండా ఛార్జ్ చేసేవాళ్లకు 500 సార్లంటే ఏడాదిన్నర దాటదు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, బ్యాటరీ, ‘బ్యాటరీ హెల్త్’లో ఆ శాతం చూసుకోవచ్చు. 80 కంటే తగ్గితే బ్యాటరీ మార్చే సమయం వచ్చినట్టే. ఆండ్రాయిడ్‌లో కొన్ని కొత్త ఫోన్లలోనే ఈ లెక్క కనిపిస్తుంది. 30 శాతం ఉండగానే ఫోన్ చటుక్కున ఆగిపోవడం, పెట్టిన పది నిమిషాల్లోనే ఛార్జింగ్ సగం ఎక్కినట్టు చూపించడం, ఇవి బ్యాటరీ అరిగిందనడానికి గుర్తులు.

మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌కి మంచి బ్యాటరీ వెయ్యి నుంచి మూడు వేల లోపే పడుతుంది. కంపెనీ సర్వీసు సెంటర్ భీమవరంలోనో, అమలాపురంలోనో, రాజమండ్రిలోనో ఉంటే అక్కడ వేయించుకోవడమే నయం. బయట వేయిస్తే బిల్లు, కనీసం మూడు నెలల గ్యారంటీ రాయించుకోండి. మరీ చవకగా వస్తోందంటే అనుమానించండి.

మన ఎండలు బ్యాటరీకి పెద్ద శత్రువు. రోహిణి కార్తెలో బండి ట్యాంకు మీది పౌచ్‌లో ఫోన్ పెట్టుకుని తిరిగితే, రాత్రంతా దిండు కింద ఛార్జింగ్ పెట్టి ఉంచితే అది తొందరగా చస్తుంది. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టుకోండి.

ఒక హెచ్చరిక. ఫోన్ వెనక డొప్ప లేచినా, తెర ఒక పక్క పైకి వచ్చినా బ్యాటరీ ఉబ్బిందన్నమాట. దాన్ని నొక్కొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, ఇంట్లో ఊడదీయొద్దు. ఆఫ్ చేసి నేరుగా రిపేరుకు తీసుకెళ్లండి.

ఫోన్ బాగా హ్యాంగ్ అవుతోంది. కొత్తది కొంటేనే పోతుందా?

ముందు స్టోరేజీ చూడండి. పదింట తొమ్మిది సార్లు అది నిండిపోయి ఉంటుంది. ఊరి గ్రూపు, కులం గ్రూపు, బంధువుల గ్రూపు, పార్టీ గ్రూపుల్లో పొద్దున్నే వచ్చే శుభోదయం ఫొటోలు, పెళ్లి వీడియోలు అన్నీ మనకు తెలియకుండానే ఫోన్‌లో దిగిపోతాయి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’లో ‘మేనేజ్ స్టోరేజ్’ నొక్కితే ఏ గ్రూపు ఎంత మింగిందో కనిపిస్తుంది. అక్కరలేనివి తీసేసి, ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆపేయండి. మనవరాలి బారసాల ఫొటోలు మాత్రం ముందు వేరేచోట భద్రం చేసుకోండి. అయిదో వంతు ఖాళీ ఉన్నా మందకొడిగానే ఉంటే, 2 జీబీ ర్యామ్ ఫోన్ అయితే, అది ఇప్పటి యాప్‌లను మోయలేకపోతోందని అర్థం. దానికి రిపేరు లేదు.

ఛార్జర్ పెడితే ఒక పక్కకి వంచితేనే ఎక్కుతోంది.

పిన్నులో దుమ్ము, జేబులోని నూలు పేరుకుని ఉంటాయి. ఫోన్ ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయవచ్చు. గుండుసూది వాడొద్దు. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం లాంటి సముద్రం పక్క ఊళ్ల ఫోన్లకు ఉప్పు గాలి వల్ల పిన్ను ఆకుపచ్చగా చిలుము పడుతుంది. అప్పుడు పిన్ను మార్చాల్సిందే. చిన్న ఖర్చుతో పోతుంది, దీని కోసం ఫోన్ మార్చకండి.

చెరువులో పడింది. తీసి బియ్యం డబ్బాలో పెట్టాం. సరిపోతుందా?

ధాన్యం పండించే సీమ కాబట్టి ప్రతి ఇంట్లోనూ ముందు గుర్తొచ్చేది బియ్యమే. కానీ దయచేసి పెట్టకండి. లోపల చిక్కుకున్న నీటిని బియ్యం లాగలేవు. తవుడు, నూక పిన్నులోకి పోయి ఇంకా పాడు చేస్తాయి. బియ్యంలో పెట్టవద్దని ఆపిల్ కూడా తన సూచనల్లో రాసింది. వెంటనే ఆఫ్ చేయండి. సిమ్ తీయండి. పిన్ను కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద తట్టండి. ఫ్యాను గాలికి పెట్టండి. హెయిర్ డ్రయ్యర్ వాడొద్దు. ఆన్ అవుతుందో లేదో చూద్దామని ఛార్జర్ పెట్టడమే అసలు ప్రమాదం, బోర్డు కాలిపోయేది అప్పుడే.

మంచినీళ్ల కాలవలో పడినదానికీ, రొయ్యల చెరువులో పడినదానికీ చాలా తేడా ఉంది. ఉప్పునీరు ఆరిపోయాక ఉప్పు లోపలే ఉండి రాగిని తినేస్తుంది. బయటికి బాగానే ఉన్నట్టు కనిపించి నెల తర్వాత ఆగిపోతుంది. కాబట్టి ఉప్పు చెరువులో పడితే ఆరబెడుతూ కూర్చోకుండా అదే రోజు రిపేరుకు తెచ్చి, విప్పించి, బోర్డు కడిగించండి. ఎంత తొందరగా తెస్తే అంత ఆశ.

ఐపీ67 అని రాసిన ఫోన్ మీటరు లోతు మంచినీటిలో అరగంట తట్టుకుంటుందని అర్థం. ఐపీ68 లోతు ఎంతో కంపెనీ చెబుతుంది. రెండింటికీ పరీక్ష మంచినీటిలోనే, అదీ కొత్త ఫోన్‌కే. ఒకసారి విప్పి డిస్‌ప్లే మార్చిన ఫోన్‌కి ఆ రక్షణ ఉందనుకోవద్దు. తడిసి పాడైతే మామూలు వారంటీ కూడా వర్తించదు.

రాత్రిళ్లు చెరువు గట్టు మీదే ఉంటాను. నాకు ఎలాంటి ఫోన్ పనికొస్తుంది?

ఈ ప్రశ్నకి కొంచెం పెద్ద జవాబు చెప్పాలి. మీ ఫోన్ మీద చెరువే ఆధారపడి ఉంది. చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారుజామునే. ఆ వేళ కరెంటు పోయి ఏరియేటర్లు (నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) ఆగితే గంటల్లో పంట పోతుంది. అందుకే చాలామంది మోటారు పెట్టెలో సిమ్ వేసే మొబైల్ స్టార్టర్ పెట్టుకున్నారు. కరెంటు పోయినా, ఫేజు పోయినా అది మీకు కాల్ చేస్తుంది. ఆ కాల్‌కి మీరు లేవాలి. కాబట్టి మీకు ముందుగా కావలసినవి గట్టిగా మోగే స్పీకరు, రెండు రోజులు ఆగే బ్యాటరీ, గట్టు మీద అందే సిగ్నలు. కెమెరా, తళతళలాడే తెర ఆ తర్వాత.

టచ్ ఫోన్‌లోని స్పీకరుకి మట్టి పట్టి మోత తగ్గిందంటే అది శుభ్రం చేయించండి. రాత్రికి ‘డు నాట్ డిస్టర్బ్’ పెట్టుకునే అలవాటుంటే స్టార్టర్ నంబరుకు మాత్రం మినహాయింపు ఇవ్వండి. ఇంకా మంచి పద్ధతి, స్టార్టర్ కాల్స్‌కి వేరే బటన్ ఫోన్ పెట్టుకోవడం. అప్పుడు కౌంటు ధరలు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధరలు), మేత కంపెనీ మెసేజ్‌లు, బ్యాంకు యాప్ ఉన్న టచ్ ఫోన్ ఇంట్లో పొడిగా ఉంటుంది, తడి చేతుల్లో తిరిగేది చవక ఫోన్. మీకు రెండు ఫోన్ల ఖర్చు దండగని నేననను.

స్టార్టర్ పాతదైతే అది 2జీ సిమ్‌తోనే పని చేస్తుంది. జియోకి 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ అందులో పలకదు. స్టార్టర్ మార్చేటప్పుడు 4జీది తీసుకోండి.

బటన్ ఫోన్ చాలు అనుకుంటున్నాను. యూపీఐ ఉండదు గదా?

ఉంటుంది. యూపీఐ 123పే అని రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ప్రారంభించింది. ఇంటర్నెట్ లేకుండా ఫోన్ కాల్ చేసి డబ్బు పంపే పద్ధతి ఇది. 2023లో వచ్చిన జియో భారత్ లాంటి 4జీ బటన్ ఫోన్లలో యూపీఐ లోపలే ఉంటుంది. కానీ పాత 2జీ, 3జీ బటన్ ఫోన్ ఇంకా వాడుతుంటే జాగ్రత్త. ఎయిర్‌టెల్ 3జీ 2020లోనే ఆపేసింది. అలాంటి ఫోన్ ఇప్పుడు 2జీ మీదే నడుస్తుంది. బటన్ ఫోన్ కొత్తగా కొంటే 4జీ కాల్స్ వచ్చేదే కొనండి.

5జీ కోసం మార్చాలా?

మన దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. టవరుకు దగ్గరగా ఉండి, ఇంట్లో వై ఫై లేక, పిల్లలు ఫోన్ మీదే క్లాసులు వింటుంటే తేడా తెలుస్తుంది. కాల్స్, వాట్సాప్, యూపీఐకి 4జీ హాయిగా సరిపోతుంది. 5జీ ఒక్కటే కారణంగా బాగున్న ఫోన్ మార్చొద్దు. ఎలాగూ మార్చే అవసరం వస్తే మాత్రం 5జీదే తీసుకోండి.

మా లంకలో సిగ్నలే సరిగా రాదు. ఫోన్ మారిస్తే వస్తుందా?

ఒక పరీక్ష చేయండి. మీ సిమ్‌ని పక్కింటి వాళ్ల కొత్త ఫోన్‌లో వేసి అదే చోట నిలబడి చూడండి. అక్కడ వస్తే లోపం మీ ఫోన్‌ది. అక్కడా రాకపోతే లోపం టవరుది, కొత్త ఫోన్ కొన్నా అంతే. అప్పుడు సిమ్ కంపెనీ మార్చి చూడండి. బీఎస్ఎన్ఎల్ 4జీ 2025 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభమైంది, పాత సిమ్ ఉంటే 4జీ సిమ్‌గా మార్పించుకోవాలి. స్లాబు ఇళ్లలో లోపలికి సిగ్నలు రాకపోతే, ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే, వై ఫై కాలింగ్ ఉన్న ఫోన్‌తో ఆ బాధ తీరుతుంది.

లంకల వాళ్లకి ఇంకో మాట. 2022 జులైలో గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు లంకల వాళ్లు ఎలా గడిపారో మనం చూశాం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే ఇంట్లో ఫోన్లన్నీ, పవర్ బ్యాంకు కూడా నిండా ఛార్జ్ చేసి పెట్టుకోండి. 2023లో అందరి ఫోన్లూ ఒక్కసారి మోగేలా ప్రభుత్వం పరీక్షించిన అత్యవసర హెచ్చరిక గుర్తుందా? అది టవరు నుంచి నేరుగా వస్తుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో ‘ఎమర్జెన్సీ అలర్ట్స్’ ఆన్‌లో ఉందో లేదో ఈరోజే చూసుకోండి. తీసేయబోయే పాత ఫోన్ మంచి స్థితిలో ఉంటే వరద రోజులకి అదనపు ఫోన్‌గా ఉంచుకోవడం మన ప్రాంతంలో తెలివైన పని.

అబ్బాయి అమెరికా నుంచి ఐఫోన్ తెస్తానంటున్నాడు. ఇక్కడ పని చేస్తుందా?

అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14 నుంచి సిమ్ వేసే గాడి లేదు, ఈ-సిమ్ (ఫోన్ లోపలే ఉండే సిమ్) మాత్రమే. జియో, ఎయిర్‌టెల్, వీఐ ఈ-సిమ్ ఇస్తాయి. ఈ-సిమ్ ఉంటే ఫోన్ పాడైన రోజు సిమ్ తీసి పక్క ఫోన్‌లో వేసుకునే వీలుండదు, పెద్దవాళ్లకి అది ఇబ్బంది. అక్కడి నెట్‌వర్క్ కంపెనీ దగ్గర వాయిదాల మీద కొన్నదైతే లాక్ అయి ఉంటుంది, అన్‌లాక్ చేయించే పంపమనండి. గల్ఫ్ నుంచి తెచ్చే ఆండ్రాయిడ్ ఫోన్లకు ఇక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో ముందే అడగాలి. ఇక్కడి సర్వీసు సెంటర్లో ఆ మోడల్ సామాను దొరక్క ఆగిపోయిన ఫోన్లు మా దగ్గరికి తరచుగా వస్తుంటాయి.

అమ్మ ఫోన్ పాతబడింది. కొత్తది కొనిస్తే సంతోషిస్తుందనుకుంటే వద్దంటోంది.

ఆవిడ మాట వినండి. ఏ బొమ్మ ఎక్కడుందో చేతికి అలవాటైన ఫోన్ అది. మనవళ్లతో ఐఎంఓలోనో వాట్సాప్‌లోనో వీడియో కాల్ మాట్లాడటం, భక్తి పాటలు వినడం, అంతేగా ఆవిడ పని. బ్యాటరీ మార్పించి, అక్షరాలు పెద్దవి చేసి, తెలుగులో మాట్లాడితే టైపు చేసే మైకు చూపించండి. తప్పనిసరిగా మార్చాల్సి వస్తే అదే కంపెనీది కొనండి. మీరు ఊరికి వచ్చి నాలుగు రోజులుండే సమయంలోనే మార్చండి. కొత్త ఫోన్ చేతిలో పెట్టి ఆ సాయంత్రమే హైదరాబాద్ బస్సెక్కితే, ఫోన్ ఎత్తడం కూడా రాక ఆవిడ పడే టెన్షన్ మీకు కనపడదు.

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనవచ్చా?

కొనవచ్చు, దొంగ ఫోన్ కానంత వరకు. *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబరు) వస్తుంది. మెసేజ్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కి పంపండి. కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ యాప్‌లోనూ చూసుకోవచ్చు. బ్లాక్ అయినదని వస్తే ఎంత చవకైనా ముట్టుకోవద్దు. బిల్లు, అమ్మినాయన వివరాలు తీసుకోండి. పాత యజమాని గూగుల్ ఖాతా తీసేశాకే డబ్బు చేతిలో పెట్టండి. పైన చెప్పినట్టు అప్‌డేట్ల తేదీ కూడా చూడండి.

వాయిదాల మీద తీసుకోవచ్చా? దాళ్వా (రబీ వరి) డబ్బులొచ్చాక కడదామని.

పంట డబ్బుకీ నెలవారీ వాయిదాకీ పొసగదు. వడ్డీ లేదని చెప్పినా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ఉంటాయి. వాయిదా తప్పితే ఫోన్ లాక్ చేసే యాప్ వేస్తున్నారేమో అడగండి. ఎక్స్ఛేంజ్‌లో మీ పాత ఫోన్‌కి ఎంత కడుతున్నారో, ఎక్స్ఛేంజ్ లేకుండా కొత్తదాని ధర ఎంతో విడివిడిగా రాయించుకుని పోల్చండి. బిల్లు విషయంలో మోసం జరిగితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

పాత ఫోన్లకు ప్లాస్టిక్ టబ్బులిస్తామని వీధిలోకి వస్తున్నారు. ఇచ్చేయొచ్చా?

ఇవ్వకండి. ఇంట్లో ఆడవాళ్లకీ, పెద్దవాళ్లకీ కూడా ఈ మాట చెప్పండి. 2024లో తెలంగాణలో రామగుండం పోలీసులు ఇలా ఊళ్లలో పోగుచేసిన సుమారు 4,000 పాత ఫోన్లతో బీహార్ వాళ్లను పట్టుకున్నారు. వాటిని సైబర్ మోసాలు చేసేవాళ్లకు చేరవేస్తున్నారని తేలింది. ఆన్ కాని ఫోన్ అయినా బోర్డు బతికే ఉండవచ్చు. అందులో మీ ఫొటోలుంటాయి, ఆధార్ కాపీలుంటాయి. మీరు కొన్న ఫోన్ ఐఎంఈఐతో ఎవరో ఎక్కడో మోసం చేస్తే పోలీసులు ముందు మీ గుమ్మం దగ్గరికే వస్తారు.

పని చేసే ఫోన్ అయితే సిమ్, మెమరీ కార్డు తీసి, గూగుల్ ఖాతా, యూపీఐ తొలగించి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి తెలిసినవాళ్లకి అమ్మండి. పూర్తిగా చచ్చిన ఫోన్‌ని కంపెనీ సర్వీసు సెంటర్‌కి ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల (ఎలక్ట్రానిక్ చెత్త) నిబంధనల ప్రకారం పాత వాటిని సరిగా రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. కాలవలోనో చెత్తకుప్పలోనో మాత్రం పడేయకండి, పంట బోదెల్లోకి వెళ్లేది ఆ నీళ్లే. ఫోన్ పోయినా, ఎవరైనా ఎత్తుకెళ్లినా సంచార్ సాథీలో బ్లాక్ చేయించండి. డబ్బు పోతే ఆలస్యం లేకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఫోన్ బదులు ట్యాబ్ కొంటే? స్మార్ట్ వాచ్?

పిల్లల చదువుకి ట్యాబ్ మంచిదే, పెద్ద తెర మీద కళ్లకి శ్రమ తక్కువ. కానీ అది ఫోన్‌కి బదులు కాదు. చాలా ట్యాబుల్లో సిమ్ ఉండదు, సిమ్ లేకపోతే యూపీఐ కుదరదు. వాచ్ ఫోన్‌కి తోడుగా వాడుకునేదే. పాత ఫోన్ బ్యాటరీ మార్చకుండా వాచ్ కొనడం వల్ల లాభం లేదు.

కొత్త ఫోన్ కొన్నాం. మారేటప్పుడు ఏం చూసుకోవాలి?

రొయ్యల పట్టుబడి రోజున గానీ, కూలీలకు డబ్బు పంపాల్సిన రోజున గానీ మారొద్దు. కొత్త ఫోన్‌లో యూపీఐ మళ్లీ నమోదు చేసినప్పుడు, బ్యాంకును బట్టి మొదటి 24 గంటలు కొద్ది మొత్తమే పంపనిస్తారు. నమోదుకి బ్యాంకులో ఉన్న నంబరు సిమ్ అదే ఫోన్‌లో ఉండాలి, మెసేజ్ వెళ్లడానికి బ్యాలెన్సు కూడా ఉండాలి. వాట్సాప్ చాట్‌లు రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి క్యూఆర్ కోడ్‌తో మార్చుకోవచ్చు, గూగుల్ ఖాతాలో బ్యాకప్ కూడా తీసుకోండి. అక్కడ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ మాత్రమే, ఫొటోలు ఎక్కువుంటే కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ఫోన్‌బుక్కులో కొన్ని నంబర్లు సిమ్‌లో, కొన్ని ఫోన్‌లో ఉంటాయి, రెండూ వచ్చాయో లేదో చూడండి. ఇవన్నీ అయ్యాక కూడా పాత ఫోన్‌ని వెంటనే చెరపకండి. గ్యాస్ బుకింగ్ యాపో, పిల్లల స్కూలు యాపో ఏదో ఒకటి రెండు మూడు రోజుల తర్వాత గుర్తొస్తుంది. ఓ వారం పక్కన ఉంచి, ఆ తర్వాత రీసెట్ చేయండి.